సొంత వెబ్‌సైట్‌లో చీరలు: ‘నో రిటర్న్’ అని రాసుకుంటే చెల్లుతుందా?

పావని_నేత
అందరికీ నమస్తే. మంగళగిరి కాటన్, పోచంపల్లి ఇకత్ చీరలు ఇప్పటిదాకా వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అమ్ముతున్నాం. ఇప్పుడు సొంత వెబ్‌సైట్ పెడుతున్నాం. ప్రొప్రైటర్‌షిప్, కంపెనీ కాదు. టర్మ్స్ పేజీని డెవలపర్ ఏదో పెద్ద సైట్ నుంచి దించి పెట్టేశాడు. అందులో ఉన్నవి ఇవీ:

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఓపెనింగ్ వీడియో లేనిదే ఏ ఫిర్యాదూ స్వీకరించబడదు. రంగు తేడాకు మేము బాధ్యులము కాము. వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల పరిధికే లోబడి ఉంటాయి."

ఇవి చెల్లుతాయా? ధర పొరపాటున తప్పు పడితే ఆ రేటుకే ఇచ్చి తీరాలా? జీఎస్టీ ఎప్పటినుంచి? కస్టమర్ల నంబర్లు, అడ్రస్‌లు దాచుకోవడంలో ఏమైనా చిక్కులున్నాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

బార్_బెంచీ
పావని గారూ, మంగళగిరి చీరకు బెంగళూరు కోర్టు ఎందుకండీ! ముందు ఆ పేజీ మొత్తం తీసేయండి. పక్కవాళ్ల టర్మ్స్ దించుకుంటే వాళ్ల వ్యాపారానికి సరిపడే వాగ్దానాలన్నీ మీ నెత్తికి చుట్టుకుంటాయి. పెద్ద సైట్ తన వేదిక మీద వేరేవాళ్ల సరుకు అమ్మిస్తుంది, అంటే మార్కెట్‌ప్లేస్. మీరు మీ సొంత సరుకు మీరే అమ్ముతున్నారు, అంటే ఇన్వెంటరీ పద్ధతి. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు 2020 ఈ రెండింటికీ వేర్వేరు బాధ్యతలు పెట్టాయి. "అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య మేం కేవలం వేదిక మాత్రమే" అన్న వాక్యం మీ పేజీలో ఉందేమో చూడండి. ఉంటే నవ్వులపాలే. అమ్మేది మీరే కదా.

ఇక ఒక్కొక్కటి.

‘వాపసు లేదు’: కస్టమర్ మనసు మార్చుకున్నందుకు వెనక్కి తీసుకోవాలని మన దేశంలో ఆన్‌లైన్ కొనుగోళ్లకు సాధారణ చట్టం ఏదీ లేదు. అది మీ పాలసీని బట్టి. కానీ చీర లోపంతో వచ్చినా, ఒకటి చూపించి ఇంకొకటి పంపినా, నకిలీ అయినా, చెప్పిన తేదీ దాటి ఇచ్చినా వెనక్కి తీసుకోం అనడానికి వీల్లేదు. 2020 నిబంధనల్లో 7వ నిబంధన ఇన్వెంటరీ అమ్మకందారులకు ఇదే చెప్తుంది. ఆలస్యానికి ప్రకృతి వైపరీత్యం లాంటిది కారణమైతేనే మినహాయింపు. దానికి తోడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) చూడండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. కాబట్టి గడువు మీరే రాసుకోండి. రాయలేదంటే 30 రోజులు రాసినట్టే.

‘బెంగళూరు కోర్టులు’: అక్కడ మీరు మంగళగిరి అని మార్చుకున్నా కొనుగోలుదారుకి అడ్డు కాదు. అదే 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం వినియోగదారు తాను ఉండే చోటో, పనిచేసే చోటో ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చీర శ్రీకాకుళం వెళ్తే నోటీసు శ్రీకాకుళం నుంచే వస్తుంది.

పోచంపల్లి_పోగు
బార్ సార్, ఓపెనింగ్ వీడియో సంగతి గూడ జెప్పుండ్రి. చీరల ధంధాల అందరు పెడ్తున్నరు ఆ రూలు. అది లేకుంటే ఒక్కరోజు కట్టుకొని, పెర్ఫ్యూమ్ వాసనతోని వాపస్ పంపెటోళ్లు ఎక్కువైతరు.

బార్_బెంచీ
బాధ అర్థమయ్యేదే. వీడియో అడగడం తప్పు కాదు. "వీడియో లేకపోతే ఫిర్యాదే తీసుకోం" అని తలుపు మూసేయడం తప్పు. వీడియో ఒక సాక్ష్యం, అంతే. వేరే సాక్ష్యంతో కస్టమర్ లోపాన్ని నిరూపిస్తే మీ షరతు కమిషన్ ముందు నిలవడం కష్టం. ఇలా రాయండి: "పార్సిల్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో ఉంటే మీ ఫిర్యాదు త్వరగా తేలుతుంది. లేకపోతే చీర లోపం, అంచు, కొంగు కనిపించేలా ఫోటోలు పంపండి. చీర మాకు చేరాక పరిశీలించి చెప్తాం."

ఇంకోటి. ఈ షరతు డబ్బు కట్టకముందే కనబడాలి. డబ్బు కట్టించుకున్నాక వాట్సాప్‌లో "వీడియో తీయండి మేడమ్" అని పంపితే అది ఒప్పందంలో భాగం కాదు.

రంగు తేడా: ఫోన్ స్క్రీన్ మీద కొంచెం తేడా వస్తుందని చెప్పుకోవచ్చు. ముదురు నెమలికంఠం చూపించి ఆకుపచ్చ పంపితే మాత్రం అది స్క్రీన్ తేడా కాదు, "ప్రకటించిన లక్షణాలు లేకపోవడం".

పోచంపల్లి_పోగు
గిదైతే మంచిగ జెప్పిన్రు. పావని అక్కా, ఫోటో ఎండల ఒకటి, లోపల ట్యూబ్‌లైట్ కింద ఒకటి పెట్టు. కొంగు, అంచు, బ్లౌజ్ పీస్ విడివిడిగ. పొడుగు రాయి: చీర 5.5 మీటర్లు, బ్లౌజ్ 80 సెంటీమీటర్లు అని. కొలిచి రాయాలె, అందాజగ కాదు. సగం లొల్లి బ్లౌజ్ పీస్ కాడనే వస్తది.

ఇకత్ అని రాసేటప్పుడు జాగ్రత్త. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్నది. నూలును ముందుగాల కట్టి, అద్దకం జేసి, మగ్గం మీద నేసినదే అది. మిల్లు బట్ట మీద ఇకత్ డిజైన్ అచ్చేసినదాన్ని "పోచంపల్లి" అని అమ్మితే దొంగపని. చీర తిప్పి చూస్తే తెల్వాలె: నేసిన దాంట్ల డిజైన్ రెండు దిక్కుల ఒక్క తీరుగనే ఉంటది, అంచుల కాడ పోగులు జర ఊగిసలాడ్తయి. అచ్చేసిన దాంట్ల వెనక దిక్కు వెలిసిపోయినట్టు ఉంటది.

బార్_బెంచీ
పోగు గారు చెప్పిన దానికి చట్టం కలుపుతాను. భౌగోళిక సూచికల చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. తప్పుడు భౌగోళిక గుర్తింపు వాడినా, అలాంటి సరుకు అమ్మినా 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. గద్వాల, నారాయణపేట, ఉప్పాడ జాందానీ, వెంకటగిరి, ధర్మవరం, మీ మంగళగిరి, అన్నీ రిజిస్టర్ అయిన పేర్లే. "మంగళగిరి స్టైల్", "ఉప్పాడ టైప్" అని పవర్‌లూమ్ సరుకు పెట్టి తప్పించుకుందామనుకునేవాళ్లున్నారు. ‘స్టైల్’, ‘టైప్’ తగిలించినంత మాత్రాన రక్షణ రాదు. ఆ చట్టం కింద తగాదా కాకపోయినా, తప్పుదోవ పట్టించే ప్రకటన కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా.

కిట్టు_దేవ్
ధర తప్పు పడే సంగతి ఎవరూ ముట్టుకోలేదు. కోడ్ రాసేవాడిగా ఆ ముక్క నేను చెప్తా.

6,500 రూపాయల చీరకు ఒక సున్నా పోయి 650 పడింది అనుకోండి. గంటలో పదిమంది కొనేశారు. ఇక్కడ అన్నీ ఆటోమేటిక్ మెయిల్ మీద ఆధారపడి ఉంటాయి. చాలా సైట్లలో ఆర్డర్ పడగానే "మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది" అని వెళ్లిపోతుంది. దాన్ని "మీ ఆర్డర్ మాకు అందింది. చీర పంపినట్టు మెయిల్ వచ్చాకే ఆర్డర్‌ను అంగీకరించినట్టు" అని మార్చండి. అదే మాట టర్మ్స్‌లోనూ, పేమెంట్ బటన్ పైన ఒక్క లైన్‌లోనూ ఉండాలి. నా లెక్కలో ఈ ఒక్క పనితో సమస్య తీరిపోతుంది.

బార్_బెంచీ
మొదటి సగం సరే కిట్టూ, "తీరిపోతుంది" అన్న చోట ఒప్పుకోను.

1872 కాంట్రాక్టు చట్టం లెక్కలో షాపులో సరుకు పేర్చడం ప్రతిపాదన కాదు, ప్రతిపాదనకు పిలుపు మాత్రమే. కస్టమర్ ఆర్డర్ పెట్టడం ప్రతిపాదన. మీరు ఒప్పుకుంటే ఒప్పందం. ఇదంతా కంప్యూటర్ల మధ్య జరిగినా చెల్లుతుందని ఐటీ చట్టం సెక్షన్ 10ఏ చెప్తుంది. దాన్ని 2008 సవరణలో చేర్చారు. 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు ఈమెయిళ్లలో కుదిరిన ఒప్పందాన్నే ఒప్పందంగా గుర్తించింది. సంతకం, స్టాంపు లేవని తప్పించుకోవడం కుదరలేదు.

అందువల్ల "కన్ఫర్మ్" మెయిల్ వెళ్తే మీరు ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత "పొరపాటు" అంటే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 22 అడ్డొస్తుంది: ఒక్కరి వైపు పొరపాటు ఉంటే అంతమాత్రాన ఒప్పందం రద్దు కాదు. సెక్షన్ 20 ఇద్దరూ ఒకే విషయంలో పొరబడితేనే. "అందింది" అని రాస్తే మీ చేయి బలంగా ఉంటుంది. కానీ డబ్బు లాగేసుకుని, నాలుగు రోజులు కూర్చుని, అప్పుడు రద్దు చేస్తే కమిషన్ మీ మెయిల్ వాక్యం కంటే మీ నడవడి చూస్తుంది. తక్కువ ధర చూపించి జనాన్ని రప్పించి, "స్టాక్ లేదు, ఇది కొనండి" అనడం 2023 నవంబరు డార్క్ పాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే సైట్ ఎత్తులు) మార్గదర్శకాల్లో ఉన్న 13 రకాల్లో ఒకటి. పొరపాటు తెలియగానే ఆ రోజే పేజీ సరిచేసి, అందరికీ ఒకేసారి మెయిల్ కొట్టి, డబ్బు పూర్తిగా తిప్పి పంపాలి. కొందరికి ఇచ్చి, కొందరికి ఎగ్గొట్టొద్దు.

కిట్టు_దేవ్
ఒప్పుకుంటా. టెక్నికల్‌గా ఇంకో మార్గం ఉంది. కార్డు పేమెంట్‌లో ఆథరైజ్ వేరు, క్యాప్చర్ వేరు. ఆర్డర్ పడినప్పుడు మొత్తం బ్లాక్ చేసి, ధర చూసుకుని పంపేటప్పుడు క్యాప్చర్ చేసేలా (డబ్బు తీసుకునేలా) పేమెంట్ గేట్‌వేలో పెట్టుకోవచ్చు. మామూలు యూపీఐలో ఈ వెసులుబాటు లేదు, డబ్బు అప్పుడే కట్ అవుతుంది. మన అమ్మకాల్లో ఎక్కువ యూపీఐయే కాబట్టి అసలు మందు వేరే: ధర మార్చేటప్పుడు పాత ధర కంటే సగానికి తగ్గితే సేవ్ కాకుండా అడ్మిన్‌ను ఇంకోసారి అడిగేలా ఒక చెక్ పెట్టండి. పది లైన్ల కోడ్.

చెక్‌అవుట్ పేజీలో చేయకూడనివి కూడా చెప్తా, డెవలపర్లు తెలియక పెట్టేస్తుంటారు:
టిక్ ముందే పెట్టిన బాక్సులు. 2020 నిబంధనలు నేరుగా నిషేధించాయి, సమ్మతి కస్టమర్ తనంతట తానే ఇవ్వాలి.
"గిఫ్ట్ ప్యాకింగ్ 49" అని అడగకుండా కార్ట్‌లో వేయడం.
చివరి పేజీ దాకా కొరియర్ ఛార్జీ దాచడం.
"ఇంకో 2 మాత్రమే మిగిలాయి", 10 నిమిషాల టైమర్. పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్లీ 10 నుంచే మొదలయ్యే టైమర్ థీమ్‌లతో ఉచితంగా వస్తుంది. పీకేయండి.

పావని_నేత
బార్ గారూ, కిట్టు గారూ, చాలా థాంక్స్. మా థీమ్‌లో ఆ టైమర్ ఉంది, తీయించేస్తా. "నేను షరతులు చదివాను" టిక్ బాక్స్ ఒకటి సరిపోతుందా? రేపు ఎవరైనా "నేను టిక్ పెట్టలేదు" అంటే ఎలా?

కిట్టు_దేవ్
టిక్ పెట్టడం ఒక్కటే చాలదు, పెట్టినట్టు దాచిపెట్టాలి. ప్రతి ఆర్డర్‌కూ డేటాబేస్‌లో ఇవి పడాలి: ఆర్డర్ నంబరు, టిక్ పెట్టిన తేదీ, టైమ్ సెకన్లతో సహా, ఐపీ అడ్రస్, ఆ రోజు అమల్లో ఉన్న టర్మ్స్ వెర్షన్ నంబరు. చివరిది అందరూ మర్చిపోతారు. మార్చిలో 7 రోజుల రిటర్న్ అని ఉండి, జూన్‌లో 3 రోజులకు మార్చారనుకోండి. మార్చి కస్టమర్ కేసు వేస్తే మీ దగ్గర జూన్ పేజీ మాత్రమే ఉంటుంది. అందుకే మార్చినప్పుడల్లా పాతదాన్ని చెరపకుండా వెర్షన్ 1, 2 అని పీడీఎఫ్ దాచండి. కస్టమర్‌కు వెళ్లే ఆర్డర్ మెయిల్‌కు కూడా ఆ రోజు పాలసీని జత చేస్తే ఇక వాదనే ఉండదు.

బార్_బెంచీ
ఈ రికార్డులు కోర్టులో పెట్టాలంటే ఇంకో మెట్టు ఉంది. 2024 జూలై 1 నుంచి ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే పాత 65బి సర్టిఫికెట్ ఇప్పుడు సెక్షన్ 63 కింద ఇవ్వాలి. ఫారంలో రెండు భాగాలు: ‘ఏ’ భాగం రికార్డు తమ చేతిలో ఉన్నవాళ్లు నింపాలి, ‘బి’ భాగం నిపుణుడు. రెండింట్లోనూ ఫైల్ హాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి, ఎస్‌హెచ్‌ఏ-256 లాంటిది. వాట్సాప్ చాట్‌ను స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ కొట్టి పడేస్తే ఎదుటి లాయరు మొదట పట్టుకునేది అదే. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఫైల్‌గా దాచండి, ఫోన్ మార్చినా పాత ఫోన్ అమ్మేయకండి. వినియోగదారుల కమిషన్ సివిల్ కోర్టంత పట్టుబట్టదు గానీ, దాని భరోసా మీద ఉండొద్దు.

పన్నుల_పరంధామం
జీఎస్టీ అడిగారు కదమ్మా. పరిమితి గురించి ఆన్‌లైన్‌లో దొరికే సలహాల్లో సగం మన రెండు రాష్ట్రాల తేడా పట్టించుకోనివే. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో మాత్రం అది 20 లక్షలే.

అసలు మెలిక అక్కడ కాదు. చీర రాష్ట్రం దాటితే, అంటే మంగళగిరి నుంచి హైదరాబాద్ వెళ్లినా, అది అంతర్రాష్ట్ర సరఫరా. దానికి టర్నోవర్ ఎంతని చూడకుండా జీఎస్టీ చట్టం సెక్షన్ 24 కింద మొదటి చీర నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. చేనేత, హస్తకళల వస్తువులకు 20 లక్షల లోపు కొంత మినహాయింపు నోటిఫికేషన్ ఉంది. కానీ దానికి వస్తువుల జాబితా, షరతులు ఉన్నాయి. మీరు మగ్గం మీద నేసేవాళ్లా, కొని అమ్మేవాళ్లా అన్నది కూడా చూడాలి. మీ బిల్లులు పట్టుకుని ఆడిటర్ దగ్గర కూర్చుని తేల్చుకోండి. వెబ్‌సైట్ పెట్టి "ఒక్క ఏపీకే పంపుతాం" అంటే ఎవరూ కొనరు కాబట్టి, రిజిస్ట్రేషన్ తీసుకోవడమే నయం. చీరకు పన్ను 5 శాతమే, నూలుకు కట్టింది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది.

మార్కెట్‌ప్లేస్‌లో కూడా పెట్టాలనుకుంటే: 2023 అక్టోబరు 1 నుంచి, సొంత రాష్ట్రంలోపలే అమ్మే చిన్నవాళ్లు పూర్తి రిజిస్ట్రేషన్ లేకుండా పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని అమ్మొచ్చు. అది ఒక్క రాష్ట్రానికే. రిజిస్టర్ అయినవాళ్ల డబ్బులో మార్కెట్‌ప్లేస్ 0.5 శాతం టీసీఎస్ (మీ పేర ముందే పట్టుకుని కట్టే పన్ను) పట్టుకుంటుంది, 2024 జూలై 10కి ముందు అది 1 శాతం. అది పోయిన డబ్బు కాదు. పోర్టల్‌లో టీసీఎస్ క్రెడిట్‌ను ఆమోదిస్తేనే క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. ఆ బటన్ నొక్కక డబ్బు అలాగే వదిలేసుకునేవాళ్లు ఎక్కువ. మీ సొంత సైట్‌లో మీ సరుకు అమ్మితే ఈ టీసీఎస్ గొడవే లేదు.

పోచంపల్లి_పోగు
పరంధామం సార్, మగ్గపోళ్లు బిల్లు ఇయ్యరు గద, నగదు తీస్కుంటరు. అప్పుడు ఇన్‌పుట్ ఏడికెళ్లి వస్తది?

పన్నుల_పరంధామం
రాదు. రిజిస్టర్ కాని నేతన్న దగ్గర కొన్న దానికి ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. సొసైటీ దగ్గరో మాస్టర్ వీవర్ దగ్గరో జీఎస్టీ బిల్లుతో కొన్నదానికే వస్తుంది. ఆ 5 శాతం మీ ధరలోనే వేసుకోండి. కొన్న వోచర్ మాత్రం రాసుకోండి: పేరు, ఊరు, చీరల సంఖ్య, మొత్తం, సంతకం. ఆదాయపు పన్ను వాళ్లు అడిగినప్పుడు పనికొస్తుంది.

బెజవాడ_బాలు
నాకో డౌట్. ఇన్‌స్టాలో నాలుగు చీరలు పెట్టి అమ్ముకునే ఇల్లాళ్లకి కూడా ఇవన్నీ వర్తిస్తాయా? లేక వెబ్‌సైట్ ఉన్నోళ్లకేనా?

బార్_బెంచీ
వెబ్‌సైట్ ఉందా లేదా అన్నది గీత కాదు బాలూ. పాత చీర ఒకటి అమ్ముకున్న వ్యక్తికి వర్తించవు. "క్రమం తప్పకుండా, వ్యాపారంగా" అమ్మేవాళ్లకు వర్తిస్తాయి. ప్రతి శుక్రవారం లైవ్ పెట్టి ముప్ఫై చీరలు అమ్మేవాళ్లు వ్యాపారులే. 2020లో నిబంధనలు వచ్చిన కొత్తలో ఈ-కామర్స్ సంస్థ అంటే కంపెనీయే అయి ఉండాలన్నట్టు రాశారు. 2021 మే సవరణతో ఆ గందరగోళం పోయింది. కంపెనీ అయితే చట్టం పాటించేలా చూసే నోడల్ అధికారిని పెట్టాలి, ప్రొప్రైటర్‌షిప్‌కు ఆ బాధ్యత లేదు. కానీ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ అందరికీ ఉండాలి. చిన్న వ్యాపారంలో యజమానే తన పేరు పెట్టుకోవచ్చు.

ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ప్రతి ఫిర్యాదుకూ ఒక టికెట్ నంబరు ఇవ్వాలి. సైట్‌లో మీ వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫోన్, మెయిల్, గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, హోదా కనబడాలి. ధర దాచి "డీఎం ఫర్ ప్రైస్" (ధర కోసం మెసేజ్ పెట్టండి) అన్న ఆచారం ఈ చట్టానికి పూర్తిగా విరుద్ధం. పన్నులు, ఛార్జీలు కలిపిన మొత్తం ధర పైకి కనబడాలి.

డాలస్_లక్ష్మి
పావనీ, అమెరికా, యూకే ఆర్డర్లు కూడా తీసుకుంటావా? అలా అయితే ఇవి ముందే చూసుకో.

ఇండియా నుంచి సరుకు పంపాలంటే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) నుంచి ఐఈసీ (ఎగుమతి, దిగుమతి) కోడ్ కావాలి, ఫీజు 500. జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయాలంటే ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ (హామీ పత్రం) వేసుకోవాలి. "గిఫ్ట్" అని రాసి పంపడం వద్దు. కస్టమ్స్‌లో పట్టుబడితే చీర ఆగుతుంది, డిక్లరేషన్ మీద సంతకం నీదే.

అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిల్‌కు సుంకం లేకుండా వచ్చే సదుపాయం 2025 ఆగస్టు 29 నుంచి ఆపేశారు. అంటే 60 డాలర్ల కాటన్ చీర మీద కూడా సుంకం పడుతుంది. అది ఎవరు కడతారో చెక్‌అవుట్‌లో రాయకపోతే కస్టమర్ పార్సిల్ తీసుకోదు, కొరియర్ తిరుగు ఛార్జీ నీ మీద వేస్తుంది. యూకే, యూరప్ కస్టమర్లకు మాత్రం దూరం నుంచి కొన్నవాటికి కారణం చెప్పకుండా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంది. అక్కడివాళ్లకు పౌండ్లలో ధర చూపించి, అక్కడికి ప్రకటనలు వేసి, "మా పాలసీలో నో రిటర్న్" అంటే కార్డు కంపెనీ ద్వారా డబ్బు లాక్కుంటారు. కుట్టించిన బ్లౌజ్ లాంటివాటికి మినహాయింపు ఉంటుంది, కాబట్టి కుట్టుడు పనిని వేరే లైన్‌గా బిల్ చెయ్యి.

బెజవాడ_బాలు
కోర్టు పరిధి అంటే గుర్తొచ్చింది. సైట్ ఢిల్లీలో ఓపెన్ అవుతుంది కాబట్టి ఢిల్లీలో కేసు వేస్తామని ఎవరైనా బెదిరించొచ్చా?

బార్_బెంచీ
కొనేవాళ్ల సంగతి పైన చెప్పాను. పేరు, బ్రాండ్ తగాదాల్లో వేరు. దీనికి మన హైదరాబాద్ కేసే ఆధారం: సింగపూర్‌కు చెందిన బన్యన్ ట్రీ సంస్థ, హైదరాబాద్‌లోని వాళ్ల మీద ఢిల్లీ హైకోర్టులో వేసింది. 2009లో డివిజన్ బెంచ్ ఏమందంటే, ఢిల్లీలో సైట్ తెరుచుకున్నంత మాత్రాన చాలదు, అక్కడి జనాన్ని ఉద్దేశించి లావాదేవీలు చేసినట్టు చూపించాలి అని. ఆ తర్వాత 2014లో డబ్ల్యూడబ్ల్యూఈ కేసులో అదే కోర్టు, సైట్ ద్వారా ఢిల్లీ కస్టమర్‌కు సరుకు అమ్మితే అక్కడ వ్యాపారం చేసినట్టే అంది. మీరు ఢిల్లీకి చీర పంపుతుంటే రెండోదే మీకు తగులుతుంది.

డొమైన్ పేరు విషయంలోనూ తెలుగువాళ్ల కేసే. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1999 నుంచి ‘సిఫీ’తో మొదలయ్యే డొమైన్లు నడిపింది. ఇంకొకరు ‘ఎఫ్’ ఒకటి ఎక్కువ వేసి ‘సిఫ్ఫీనెట్’ తీసుకున్నారు. 2004లో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్‌లాంటి రక్షణే ఉంటుందని తేల్చి సత్యం వైపు చెప్పింది. కాబట్టి డొమైన్ కొనేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో 24వ తరగతి, అంటే నేత గుడ్డలు, 35వ తరగతి, అంటే అమ్మకం సేవలు, రెండూ వెతకండి. డొమైన్‌ను డెవలపర్ మెయిల్‌తో కాకుండా మీ సొంత మెయిల్‌తో రిజిస్టర్ చేయించుకోండి. డెవలపర్‌తో తగాదా వస్తే మొదట పోయేది అదే.

పావని_నేత
మా ఫోటోలు తీసుకెళ్లి వేరే పేజీలవాళ్లు పెట్టుకుంటున్నారు. లోగో కత్తిరించేస్తారు. ఏం చేయాలి?

బార్_బెంచీ
ఫోటోకు కాపీరైట్ తీసిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఫోటోగ్రాఫర్‌కు డబ్బిచ్చి తీయించారంటే సాధారణంగా హక్కు మీదే, అయినా బిల్లు మీద ఆ మాట రాయించుకోండి. కెమెరా ఒరిజినల్ ఫైళ్లు చెరపకండి.

ఆ ఫోటో ఉన్న ప్లాట్‌ఫామ్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి: మీ ఫోటో లింకు, వాళ్ల లింకు, హక్కు మీదేనన్న ఆధారం, కోర్టుకు వెళ్తామన్న హామీ. కాపీరైట్ నిబంధనలు 2013లో 75వ నిబంధన ప్రకారం వాళ్లు 36 గంటల్లో దాన్ని అందకుండా చేయాలి. అయితే 21 రోజుల్లోపు మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టేయొచ్చు. ఈ రెండో ముక్క తెలియక "తీసేశారుగా" అని ఊరుకుంటారు. ఇన్‌స్టా లాంటివాటికి సొంత కాపీరైట్ ఫారం ఉంది, ముందు దాన్ని వాడండి.

కిట్టు_దేవ్
కస్టమర్ డేటా ప్రశ్న మిగిలింది. కార్డు నంబరు మీ సర్వర్‌లో దాచకూడదు. 2022 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ టోకెన్ పద్ధతే, అంటే కార్డు నంబరు బదులు ఒక కోడ్. గేట్‌వే పేజీ వాడితే మీకు ఆ తలనొప్పి ఉండదు. మీ దగ్గర మిగిలేది పేరు, ఫోన్, అడ్రస్. వాటిని అక్కచెల్లెళ్ల గ్రూపుల్లో, ఇంకో సెల్లర్‌కు షేర్ చేయకండి. నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని బయటపెట్టడం 2019 చట్టం ప్రకారం కూడా అనుచిత పద్ధతే. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అప్పటిదాకా కూర్చోకుండా ఇప్పుడే ఒక పని చేయండి: ఆర్డర్‌కు అడ్రస్ తీసుకునే చోట, ఆఫర్ మెసేజ్‌లకు వేరే టిక్ బాక్స్ పెట్టండి, ఖాళీగా. అడ్రస్ ఇచ్చినంత మాత్రాన రోజూ బ్రాడ్‌కాస్ట్ పంపమని కాదు.

పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ వేయొద్దు. దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. గేట్‌వే డ్యాష్‌బోర్డులో ‘క్యాప్చర్డ్’ అని ఉందా, బ్యాంకులో పడిందా చూడండి. "డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి" అన్నా మోసమే. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కస్టమర్ అకౌంట్‌లో కట్ అయి మీకు రాకపోతే భయపెట్టకండి. యూపీఐలో వ్యాపారికి కట్టింది ఇలా మధ్యలో ఆగితే ఆర్‌బీఐ 2019 ఆదేశం ప్రకారం లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లో దానంతటదే వెనక్కి వెళ్లాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆ మాట కస్టమర్‌కు చెప్తే సగం తిట్లు తగ్గుతాయి.

బెజవాడ_బాలు
నోటీసు వచ్చేస్తే ఏంటి పరిస్థితి? చాలామంది మూడు వేల చీరకి కేసేంటని పక్కన పడేస్తారు.

బార్_బెంచీ
అదే పెద్ద తప్పు. 5 లక్షల లోపు కొనుగోలుకు జిల్లా కమిషన్‌లో ఫీజే లేదు. 2 ఏళ్ల లోపు ఎప్పుడైనా వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చుని వేస్తారు, లాయరు కూడా అక్కర్లేదు. మీ జవాబుకు 30 రోజులు, కమిషన్ దయతలిస్తే ఇంకో 15. ఆ 45 దాటితే కమిషన్‌కు కూడా పొడిగించే అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. జవాబు లేకపోతే ఏకపక్షంగా తీర్పు వస్తుంది. మూడు వేల చీరకు చీర డబ్బు, మనోవేదన, ఖర్చులు కలిసి ఎన్నో రెట్లవుతుంది. అంతకుముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నుంచి మెయిల్ వస్తుంది. అక్కడే తేల్చుకోవడం అన్నింటికన్నా చవక.

పావని_నేత
అందరూ చెప్పినట్టు మళ్లీ రాశాను, చూడండి:

"చీర అందిన 7 రోజుల్లో లోపం, తేడా, తప్పు చీర ఉంటే మాకు తెలియజేయండి. తిరుగు కొరియర్ ఖర్చు మాదే. చీర మాకు చేరి, పరిశీలించిన 5 పనిదినాల్లో డబ్బు మీరు కట్టిన దారిలోనే తిరిగి పంపుతాం. నచ్చలేదన్న కారణంతో మార్పిడి మాత్రమే, 3 రోజుల్లోపు, మడత విప్పని, ఫాల్ కుట్టించని చీరలకు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీస్తే పని త్వరగా అవుతుంది. అన్ని విషయాల్లో తుది నిర్ణయం మాదే. గ్రీవెన్స్: కస్టమర్ కేర్ టీమ్."

పోచంపల్లి_పోగు
మడత విప్పకుండ కొంగు ఎట్ల జూస్తరు అక్కా? "కట్టుకోని, ఉతకని, ఫాల్ కుట్టని, ట్యాగ్ తియ్యని" అని రాయి.

బార్_బెంచీ
పోగు గారి మాట సరి. "తుది నిర్ణయం మాదే" వాక్యం తీసేయండి, ఏకపక్ష షరతు అని మొదట కొట్టేసేది దాన్నే. 7 రోజులన్నది ఫిర్యాదు తెలపడానికి గడువు అని బిల్లు మీద కూడా అచ్చు వేయించండి, సైట్‌లో ఒకటి, బిల్లులో ఒకటి ఉండకూడదు. గ్రీవెన్స్ దగ్గర ‘టీమ్’ కుదరదు. మనిషి పేరు, హోదా, ఫోన్, మెయిల్ రాయండి. ఊరికి పోతే ఆ ఫోన్ ఇంకెవరైనా ఎత్తేలా చూసుకోండి, 48 గంటలు ఆదివారం కూడా నడుస్తాయి.